బండి ముసలితనంతో పోయినట్టుండాలి

చిరంజీవి తమ్ముడికి,

అక్క మనసారా దీవించి రాస్తున్నది. ముందు నీ మోకాలు ఎలా ఉందిరా? మెట్లు ఎక్కొద్దని డాక్టరు చెప్పాడు కదా, నువ్వు ఎక్కుతూనే ఉంటావు, నాకు తెలుసు. మరదలికి తల తిరగడం తగ్గిందా? బీపీ మాత్ర పొద్దునే వేసుకుంటోందా, లేక మర్చిపోయి సాయంత్రం రెండూ కలిపి మింగుతోందా? మేనకోడలి దగ్గు ఎలా ఉంది? అది దగ్గు కాదు, ఫ్యాను కింద పడుకోవడం. మీ షెడ్డు కాడ కుక్కకి చెవి మీద పుండన్నావు, అది మానిందా? అందరూ బాగానే ఉన్నారని అనుకుంటున్నా గానీ, ఎవరికో ఒకరికి బాగోలేదని, నా దగ్గర దాస్తున్నారని మనసు పీకుతోంది. ఉంటే రాసెయ్.

ఇక్కడ మేమిద్దరం క్షేమం అని రాయాలి కదా. రాయలేను. మీ బావ మళ్ళీ బండెక్కాడు.

మొన్న వానల్లో కలప డిపో మలుపులో జారిపడి భుజం దగ్గర ఎముక చిట్లించుకున్నాడా, కట్టు విప్పి ఇంకా మచ్చయినా పోలేదు, పొద్దున టీ తాగి "అలా గాలి పీల్చుకొస్తా" అని కిక్కు కొట్టాడు. గాలి ఇంట్లో లేదా? కిటికీలు నాలుగున్నాయి. నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పా. మీటర్ రీడింగ్ ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఊళ్ళన్నీ తిరిగావు, ఇక చాలయ్యా, డెబ్భై దాటాయి, ఇంకా ఎవరి మీటర్లు చూడాలి అంటే వినడు. అతను వెళ్ళిన దగ్గర్నుంచి నేను అరుగు మీద కూర్చుంటా. గేటు కిర్రుమంటే ప్రాణం లేచొస్తుంది. కిర్రుమనకపోతే నా ముందు డిపో మలుపు, దాని పక్కన మురిక్కాలవ, అందులో అతని చెప్పు ఒకటి, అన్నీ సినిమా రీలులా తిరుగుతాయి.

అందుకే నిన్నొకటి అడుగుతున్నా. నువ్వు బండ్ల డాక్టరువి. ఏది బతికిస్తుందో తెలిసినవాడికి ఏది చంపుతుందో కూడా తెలుస్తుంది. ఆ బండిని చంపే ఉపాయం చెప్పు. ఎవరో చేసినట్టు ఉండకూడదు. చూసేవాళ్ళకి అది ముసలితనంతో పోయినట్టుండాలి. మా పెళ్ళయిన మరుసటేడు కొన్నది కాబట్టి ఎవరూ అనుమానపడరు.

నిన్ను చూసి నాలుగేళ్ళయింది. నీకా మోకాలు. నాకా, బస్సు పేరు చెబితేనే కడుపులో తిప్పుతుంది. ఇద్దరం ఇలా ఉత్తరాల్లోనే ముసలివాళ్ళం అయిపోతున్నాం. అతనికి ఏమన్నా అయితే నాకు కబురు చెయ్యడానికి కూడా ఎవరూ లేరు, అది గుర్తుపెట్టుకుని జవాబు రాయి.

నీ అక్క.

మరో మాట: ఫోన్ చెయ్యకు, అది మీ బావ జేబులోనే ఉంటుంది, మోగగానే స్పీకర్ పెడతాడు. ఎదురింటి టైలరమ్మ చిరునామాకి రాయి. నీ అక్షరాలు కోడి కెలికినట్టుంటాయి కాబట్టి ఆవిడే చదివిపెడుతుంది. అంచేత ఆవిడ గురించి చెడుగా ఏమీ రాయకు. ఈ రహస్యం ఆవిడకి తెలియనివ్వకు.

*

అక్కకి,

తమ్ముడు వంగి దణ్ణం పెట్టి (మోకాలు వంగినంత వరకు) రాసేది. నా మోకాలు వంగుతుంది, తిరిగి లేచేటప్పుడే గొడవ. మీ మరదలు మాత్రలు సరిగ్గానే వేసుకుంటోంది, ప్రతి ఉత్తరంలో అదే ఎందుకు అడుగుతుందని అలిగింది కూడా. నీ మేనకోడలికి దగ్గు లేదు. కుక్క చెవి మానింది, నిన్న ఒక కస్టమర్‌ని కరిచింది, అంటే ఆరోగ్యంగానే ఉంది. ఎవరం ఏమీ దాయడం లేదక్కా.

బండిని చంపమన్నావు. ఇన్నేళ్ళుగా ఎవరూ నన్ను ఈ పని అడగలేదు. పెద్దదానివి, అడిగావు కాబట్టి కాదనలేను. చెప్పినట్టు చెయ్యి, ఒక్కటి కూడా తప్పకు.

బండికి నూనే రక్తం. బావ తిరిగొచ్చి పడుకున్నాక, ఇంజన్ ఇంకా గోరువెచ్చగా ఉండగానే, ఇంజన్ అడుగున పెద్ద బోల్టు ఉంటుంది, దాని కింద పాత బేసిన్ పెట్టి పానాతో విప్పు. నల్లగా కారుతుంది. ఒక్క బొట్టు లేకుండా కార్చెయ్. ఖాళీగా వదిలేస్తే చప్పుడు చేసి మనల్ని పట్టిస్తుంది, అందుకని మీ ఊరి బస్సు కండక్టర్ చేతికి ఒక డబ్బా ఇచ్చి పంపుతున్నా, అది పొయ్యి. డబ్బా మీద కొత్త ఇంజన్ ఆయిల్ అని రాసి ఉంటుంది, నమ్మకు. లోపల ఉన్నది వేరే. మెల్లమెల్లగా పని చేస్తుంది.

నీ తమ్ముడు.

మరో మాట: బోల్టుకి చిన్న వాషర్ ఉంటుంది, అది మళ్ళీ వెయ్యడం మర్చిపోకు. గట్టిగా బిగించు, మరీ గట్టిగా కాదు. కారితే బావకి తెలిసిపోతుంది.

ఇంకో మాట: టైలరమ్మ గారికి నమస్కారాలు. చాలా మంచావిడ.

*

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు, కాస్త కోపంతో కలిపి. నీ మోకాలు, మరదలి తల, పిల్ల గొంతు, అన్నీ బాగున్నాయన్నావు కదా, ఆ కరిపించుకున్న కస్టమరుకి ఇంజక్షన్ వేయించావా? అది రాయలేదేం? ఇలాంటివే దాచకురా అంటే.

నువ్వు చెప్పినట్టే చేశా. మీ బావ పక్క మీద గురక మొదలుపెట్టగానే బేసిన్ పట్టుకెళ్ళి, నేల మీద పడుకుని, ఈ వయసులో, ఆ బోల్టు విప్పా. అది విప్పేసరికి నా నడుం పట్టేసింది. అబ్బా, ఎంత నల్లగా ఉందిరా, కాటుకైనా అంత నల్లగా ఉండదు. మోచేతి దాకా అయింది. నువ్వు పంపిన డబ్బా పోశా. వాషర్ వేశా. మరీ గట్టిగా బిగించలేదు.

మర్నాడు మీ బావ కిక్కు కొట్టాడు. చచ్చిపోతుందని చెవులు మూసుకున్నా. బండి పిల్లిలా గురగురమంది. మీ బావ సీటు తట్టి, "చూశావా, దీనికి వయసు తిరిగొచ్చింది" అన్నాడు. డిపో మలుపు దాకా వెళ్ళేవాడు, ఇప్పుడు వంతెన దాకా వెళ్ళొచ్చాడు! నీ మందు ఇదా? దీనికి నేను నేల మీద దొర్లాలా?

ఇంకా ఘోరం విను. ఆ నల్ల నూనె పారబొయ్యడం ఎందుకని గేటు బందులకి పూశా. ఇప్పుడు గేటు చప్పుడు చెయ్యడం లేదు. అతను వచ్చాడో రాలేదో నాకు తెలియడం లేదు. నిన్న వచ్చేసి, కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు, నేనేమో అరుగు మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నా. లోపల్నుంచి దగ్గు వినపడితే దొంగ అనుకుని చీపురు పట్టుకెళ్ళా.

నువ్వు మెకానిక్‌వేనా అని నాకు అనుమానం వస్తోంది. గట్టిది ఏదన్నా చెప్పు.

నీ అక్క.

మరో మాట: టైలరమ్మ నీ ఉత్తరం చదివి, "మీ తమ్ముడు నాకు నమస్కారం రాశాడంటే విషయం నాకు తెలుసని ఆయనకి తెలుసన్నమాట" అంది. చూశావా నీ తెలివి. ఇప్పుడు ఆవిడ రోజూ వచ్చి బండి పోయిందా అని అడుగుతోంది.

*

అక్కకి,

తమ్ముడి నమస్కారాలు. కస్టమరుకి ఇంజక్షన్ వేయించాను, కుక్కకి కూడా వేయించాను, నాకు ఒక్కడికే వేయించలేదు.

నువ్వు తిట్టింది సబబే. పాత బండి కదా, దాని ప్రాణం గట్టిది. ఒక్క దెబ్బతో పోదు. ఈసారి మూడు వైపులా ఒకేసారి కొట్టాలి, శ్రద్ధగా విను.

ఒకటి, ప్లగ్గు. ఇంజన్ తల మీద తెల్లటి పింగాణీ ముక్కలా ఉంటుంది, టోపీ లాగి ప్లగ్గు పానాతో విప్పు. కొన మీద నల్ల మసి ఉంటుంది. ఆ మసే దాని కవచం అనుకో. గరుకు కాగితంతో మెరిసే దాకా రుద్ది, కవచం లేకుండా చేసి మళ్ళీ బిగించు.

రెండోది, సీటు కింద డబ్బాలో స్పాంజి ఉంటుంది, ఎయిర్ ఫిల్టరు. బండి దానితోనే ఊపిరి పీలుస్తుంది. సబ్బు నీళ్ళలో బాగా ఉతికి, పూర్తిగా ఆరాక నాలుగు చుక్కల నూనె పిండి పెట్టు. జలుబు చేస్తుంది.

ఇక చైను. కిరసనాయిల్లో పాత టూత్ బ్రష్షు ముంచి జిడ్డంతా వదిలేలా రుద్ది, తుడిచి, కొత్త నూనె పట్టించు. జారుడుకి అదే పక్కకి జారిపోతుంది.

నీ తమ్ముడు.

మరో మాట: పొరపాటున కూడా ఒకటి ముట్టుకోకు. కుడిచేతి పిడి దగ్గర యాక్సిలేటర్ కేబుల్‌కి చిన్న నట్టు ఉంటుంది. అది వదులు చేస్తే, పిడి ఎంత తిప్పినా బండి ముప్పై దాటదు. అందుకే ముట్టుకోవద్దంటున్నా.

*

చిరంజీవి తమ్ముడికి,

ఈసారి ఆశీస్సులు లేవు. మోకాలు సంగతి కూడా అడగను. (ఎలా ఉంది?)

మూడూ చేశా. చేతుల మీద చర్మం లేదు. ప్లగ్గుని మా పెళ్ళినాటి వెండి గ్లాసులా మెరిపించా. స్పాంజి ఉతికి తీగ మీద ఆరేస్తే, గిన్నెలు తోమేదనుకుని మీ బావ తీసుకెళ్ళి దాంతోనే తన టీ గ్లాసు తోమాడు, ఎక్కడ కొన్నావు, బాగా తోముతోందన్నాడు. చైను దగ్గర కూర్చుని రుద్దీ రుద్దీ నా భుజం పడిపోయింది. ఇదివరకు బండి మూడు కిక్కులకి గానీ లేచేది కాదు. ఇప్పుడు సగం కిక్కుకి లేస్తోంది! మీ బావ వీధిలో నలుగుర్నీ పిలిచి చూపించాడు. అందులో ఒకాయన "మాకూ ఇలాంటి బండి ఉంటే బాగుండు" అన్నాడు, నేను లోపలికెళ్ళి తల పట్టుకు కూర్చున్నా.

ఒక్కటే ఊరట, ఈ మధ్య ఎందుకో అది వేగం అందుకోవడం లేదట. అది చాలదు నాకు. అసలు భయం ఇప్పుడు చెప్తా, గుండె దిటవు చేసుకో.

మీ బావకి మతి చలించింది. వెనక సీటు మీద ఇసుక బస్తా తాళ్ళతో కట్టుకుని తిరుగుతున్నాడు. నిజంరా. టైలరమ్మ కళ్ళారా చూసింది. డిపో మలుపు దగ్గర బండి నెమ్మది చేసి, వెనక్కి తల తిప్పి, "భయంగా ఉందా? ఇంకా నెమ్మదిగా వెళ్ళనా?" అని బస్తాని అడిగాడట. మళ్ళీ బస్తా ఏదో చెప్పినట్టు తలాడించి, ఇంకా నెమ్మదిగా పోనిచ్చాడట. పెళ్ళయిన కొత్తలో నన్నొకసారి ఎక్కించుకున్నాడు, వీధి చివరి దాకా కళ్ళు మూసుకుని కేకలు పెట్టా, అప్పుడు వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఆనాటి నుంచి నేను దాని మీద కాలు పెట్టలేదు. ఇప్పుడు ఇసుకకి మర్యాదలు! కింద పడ్డప్పుడు తల గానీ తగిలిందా? డాక్టరు భుజం ఒక్కటే చూశాడు. తల చూడలేదు. నేనే చూడమనాల్సింది.

ఇక ఆగే ఓపిక లేదు. టైలరమ్మ ఒక మాటంది. బ్రేకులు వదులు చేసేస్తే, వీధి చివరకి వెళ్ళకుండానే భయపడి తనే బండి మూల పెడతాడంది. ముందు చక్రం దగ్గర ఒక తీగ, వెనక చక్రం దగ్గర ఒక కడ్డీ కనిపిస్తున్నాయి. శుక్రవారం మధ్యాహ్నం విప్పేస్తా. నీ ఉత్తరం వచ్చినా రాకపోయినా.

నీ అక్క.

మరో మాట: చైను రుద్దింది పాత బ్రష్షుతోనే అనుకున్నా. ఇంట్లో రెండూ ఒకే రంగు. ఇవాళ పొద్దున మీ బావ పళ్ళు తోముకుని, కొత్త పేస్టు ఘాటుగా బాగుందన్నాడు.

*

అక్కా,

ఉత్తరం చేతికందగానే పానా కింద పెట్టు! కుశలప్రశ్నలు తర్వాత. బస్సు డ్రైవర్ చేతికిచ్చి, వెళ్ళగానే టైలరమ్మ చేతిలోనే పెట్టమని దణ్ణం పెట్టా. బావకి ఫోన్ చేసి, నేను చెప్పేదాకా బండి తియ్యొద్దన్నా. ఎందుకని అడిగితే బావా నీకు దణ్ణం పెడతాను అని పెట్టేశా. ఇవాళ దణ్ణాలతోనే గడిచింది నాకు.

బ్రేకు తీగ, కడ్డీ ముట్టుకోకు. మనిషి పోతాడే తల్లీ!

ఇక దాచను. నేను చెప్పినవేవీ బండిని చంపేవి కావు. నూనె మార్చడం, ప్లగ్గు తుడవడం, ఫిల్టరు ఉతకడం, చైను శుభ్రం చెయ్యడం, దాన్ని సర్వీసింగ్ అంటారు. నా షెడ్డుకి వచ్చే ప్రతి బండికీ నేను చేసేది అదే. బావ నేనేం చెప్పినా బండి వదలడని నాకు తెలుసు. ఎలాగూ ఎక్కేవాడు మంచి బండి ఎక్కాలి కదా. నేను వచ్చి చేద్దామంటే ఈ కాలు. బావ చేస్తాడా? నూనె చూసి ఎన్నాళ్ళయిందో అతనికే తెలియదు. ఇంట్లో పని ఒప్పజెబితే తు.చ. తప్పకుండా చేసేది నువ్వొక్కదానివి. నిజం చెబితే నువ్వు ఆ బండిని తాకవు.

బస్తా సంగతి కూడా చెప్పేస్తున్నా, బావ నన్ను తిడితే తిట్టనీ. అతనికి మతి బాగానే ఉంది. ఆ బస్తా అంటే నువ్వే. కట్టు విప్పిన రోజే నాకు ఫోన్ చేశాడు. "మీ అక్క బస్సెక్కలేదు, నువ్వు రాలేవు. రాత్రిళ్ళు నీ పాత ఉత్తరాలు తీసి చూసుకుంటోంది. ఈ బండి మీద నేనే తీసుకొస్తా. కొండదారిలో వెనక బరువుంటే మలుపులు ఎలా తీసుకోవాలో అలవాటు చేసుకుంటున్నా, దానికి చెప్పకు, ఇప్పట్నుంచే భయపడుతుంది" అన్నాడు. అందుకే రోజురోజుకీ దూరం పెంచుతున్నాడు. పదో తారీకు శనివారం అనుకున్నాడు.

వస్తావో రావో నువ్వే చెప్పక్కా. రానంటే బావకి నేనే నచ్చజెబుతా.

నీ తమ్ముడు.

మరో మాట: బండి ముప్పై దాటడం లేదని బావ ఫోన్లో ఒకటే గోల. నాకు అంతు చిక్కడం లేదు. పిస్టన్ రింగులు పోయాయేమో. మీరొస్తే ఇంజన్ మొత్తం విప్పి చూస్తా.

*

చిరంజీవి తమ్ముడికి,

నీ అక్క నూరేళ్ళు బతకమని దీవించి, చెవి మెలిపెట్టి రాస్తున్నది. మోకాలు, తల, గొంతు, చెవి, ఏవి ఎలా ఉన్నాయో నువ్వేం రాయక్కర్లేదు, వచ్చి నేనే చూసుకుంటా.

బ్రేకులు నేను విప్పలేదు. విప్పుతానని రాశా, అంతే. చైను పని కూడా అయ్యాక, నువ్వు పంపిన ఖాళీ నూనె డబ్బా టైలరమ్మ గుండీలు పోసుకుంటానని అడిగింది. మూత దగ్గర సీలు ముక్క ఇంకా అంటుకునే ఉంది. కంపెనీ సీలున్న డబ్బాలో వేరే నూనె ఎలా పోశావురా? అప్పుడు అర్థమైంది నాకు. అడిగితే నువ్వు ఇంకో అబద్ధం చెబుతావు, చిన్నప్పట్నుంచీ అంతే. బ్రేకు మాట ఎత్తితే గానీ నిజం కక్కవని టైలరమ్మా నేనూ కలిసి రాశాం. నీ జవాబు చదువుతూ "మనిషి పోతాడే తల్లీ" దగ్గర ఆవిడ నోట్లో గుండుసూదులు రాలిపోయేలా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. బస్తా దగ్గరికొచ్చాక చదవడం ఆపి, నీళ్ళు తెచ్చిచ్చింది.

ఇంటికొచ్చి మీ బావని నిలదీశా. బండి పక్కనే నిలబడి ఉన్నాడు, బస్తా తాడు చేతిలో పట్టుకుని.

"ఈ బస్తా ఎవరు?" అన్నా.

"ఏ బస్తా?" అన్నాడు, దాని మీదే చెయ్యేసి.

"మా తమ్ముడు చెప్పాడు."

"వాడి నోట్లో ఏదీ నిలవదు" అని బస్తాని తిట్టినట్టు తిట్టాడు.

"ఎంత బరువు పోశావు ఇందులో?"

చెప్పాడు. ఒరేయ్, నేనంత ఉంటానా? మా ఇద్దరికీ బండి గురించి ఇన్నేళ్ళలో జరిగిన గొడవలన్నీ ఒక ఎత్తు, ఆ పూట బస్తా బరువు మీద జరిగింది ఒక ఎత్తు. కావాలనే ఎక్కువ పోశా, ఎక్కువకి అలవాటు పడితే తక్కువకి ఇబ్బంది ఉండదు అంటాడు. సగం ఇసుక నా ముందే తీయించా. మిగిలింది ఎత్తి చూసి అప్పుడు ఒప్పుకున్నా.

వస్తున్నా తమ్ముడూ. భయం పోయిందనుకోకు. కానీ ఆ బండి కింద పడుకుని, దాని బోల్టు విప్పి, దాని మసి నా చేత్తో తుడిచా. ఏది ఎక్కడుందో ఇప్పుడు నాకు తెలుసు, కనీసం ఏది ఊడిపోతుందోనని భయపడాలో తెలిసింది. ఇదివరకు అంతా కలిపి భయపడేదాన్ని. పైగా గేటు కూడా చప్పుడు మానేసింది. అరుగు మీద కూర్చుని భయపడే బదులు అతని వెనక కూర్చుని భయపడితే, ఏం జరిగినా వెంటనే తెలుస్తుంది. "నెమ్మదిగా వెళ్ళనా" అని అడిగితే బస్తాలా ఊరుకోను, నోరు విప్పి చెబుతా.

మరదల్ని దిండ్లు ఎండలో వెయ్యమను. నీ మోకాలికి రాసే నూనె తెస్తున్నా, వద్దనకు. కుక్కని కట్టెయ్యండి.

నీ అక్క.

మరో మాట: మీ బావకి కొత్త టూత్ బ్రష్షు కొన్నా. పాతదే బాగుండేదంటున్నాడు.

ఇంకో మాట: పిస్టన్ రింగులు గింగులు ఏమీ పోలేదు. ఇంజన్ విప్పకు. పిడి దగ్గర చిన్న నట్టు ఉంటుంది, ముట్టుకోవద్దని నువ్వే రాశావు కదా, ఆ రోజే ముట్టుకున్నా. మీ బావకి చెప్పావో, తిరుగు ప్రయాణానికి బిగించావో, నీకు మోకాలొక్కటే కాదు, వీపు కూడా నొప్పి పెడుతుంది. పదో తారీకు మధ్యాహ్నం భోజనానికి వచ్చేస్తామని అతను నీకు చెప్పే ఉంటాడు. ఆ కొండదారి, ఈ నట్టు, దారిలో నేను ఆపమనే చోట్లు, అన్నీ లెక్క వేసుకుని చెబుతున్నా. మరదల్ని వంట రాత్రికి చెయ్యమను. పదో తారీకు శనివారం, దీపాలు పెట్టే వేళకి.